ఒడికి ఎముక ఉండదు

మంగళవారం మ్యూజియానికి సెలవు కాబట్టి, గోడ మీది జంతువు మంగళవారం పొద్దున్నే ఓదెలు ఇంటికి వస్తుంది.

ఓదెలు వేపపుల్ల నోట్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. జంతువు సందు మొదట్లో ఆగి, మెడను రెండు మడతలు పెట్టుకుని, కరెంటు తీగలు తగలకుండా వంగి, అడుగు చూసుకుంటూ నడిచి వస్తోంది. వానాకాలంలో మ్యూజియం కిటికీలకు కట్టే నీలం పరదా ఒంటి మీద కప్పుకుంది. అంత ఒంటికి ఆ పరదా ఏ మూలకు వస్తుంది? ముందుకు లాక్కుంటే వెనక బయటపడుతోంది, వెనక్కి లాక్కుంటే ముందు బయటపడుతోంది. పాపం, నడిచినంత సేపూ లాక్కుంటూనే ఉంది.

ఎదురింటి ముత్తవ్వ వాకిట్లో నీళ్ళు చల్లుతూ తలెత్తి చూస్తుంది. "ఓదెలూ, మీ గోడ మీదామె వొచ్చింది. లోపటికి పిలువు, ఆడమనిషిని గట్ల సందుల నిలవెడ్తరా?" అని మళ్ళీ తన పనిలో పడిపోతుంది.

ఓదెలు ఇటుకపహాడ్ మ్యూజియంలో చిత్రకారుడు. అంతకుముందు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. వాగు అవతలి ఎర్రమట్టిలో రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. అది బతికి ఉన్నప్పుడు ఎలా ఉండేదో గోడ మీద గీయమని మ్యూజియం వాళ్ళు పిలిస్తే వెళ్ళి గీశాడు. అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట.

ఎముకలు దొరికాయి గానీ కండ దొరకలేదు. కండ మట్టిలో ఎందుకు మిగులుతుంది? ఓదెలుకు ఒక నియమం ఉంది. సాక్ష్యం లేనిది గీయడు. ఎముక ఎక్కడ ఆగితే అతని కుంచె అక్కడే ఆగుతుంది. ఆ నియమం గురించి ఎవరు కాస్త చెవి అప్పగించినా అరగంట చెబుతాడు. అందుకే గోడ మీది జంతువుకు ఎముకల మీద తోలు తప్ప ఇంకేమీ లేదు. పక్కటెముకలు ఒక్కొక్కటీ పైకి తేలి ఉంటాయి. తుంటి ఎముకల మధ్య గుంట పడి ఉంటుంది. దవడ తెరుచుకుని దొరికింది కాబట్టి నోరు కూడా తెరిచే పెట్టాడు. చూసేవాళ్ళు అది గర్జిస్తోందనుకుంటారు. అది గడ్డి తినే జంతువు.

"తిట్టనీకి రాలేదు పెయింటర్ సాబ్," అంటుంది జంతువు. నోరు మూతపడదు కాబట్టి మాటల్లో గాలి ఎక్కువ వస్తోంది. "ఇయ్యాల మా తల్లిగారోళ్ళు వొస్తున్నరు. వాగు కాడ కొత్త గుంట తవ్వుతున్నరు గదా, అండ్లకెల్లి మా అమ్మ బయటవడుతున్నది. చిన్నమ్మలు నలుగురు బయటవడుతున్నరు. అయిదుగురు కలిసి నాకు ఒడిబియ్యం పోస్తరట."

పెళ్ళైన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పెడతారు. ఆమె చల్లగా ఉండాలనీ, ఆమె కడుపు నిండుగా ఉండాలనీ పోస్తారు. ఓదెలుకు ఇది తెలియని ఆచారం కాదు. అతని నోట్లోంచి వేపపుల్ల జారి కింద పడుతుంది.

"మంచిదే గదా," అంటాడు.

"మంచిదే. పోసుకునేటందుకు ఒడి ఏది?"

జంతువు సందులో అటూ ఇటూ చూసి, పరదా కొంచెం పక్కకు తీసి చూపించి, వెంటనే కప్పుకుంటుంది. ఆ కాస్త సేపట్లో తుంటి ఎముకల మధ్యనుంచి ముత్తవ్వ ఇంటి తలుపూ, తలుపుకు వేలాడే తాళమూ ఓదెలుకు స్పష్టంగా కనిపిస్తాయి.

"ఒడి ఎముక కాదు," అంటాడు ఓదెలు. ఎంత సిగ్గుగా ఉన్నా నియమం నియమమే. "ఏ గుంటల తవ్వినా ఒడి దొరకదు. కూసున్నప్పుడే ఉంటది అది."

"అయితే నన్ను కూసోవెట్టి గియ్యి."

"నువ్వు కూసున్నట్టు రుజువు లేదు."

"పదహారు కోట్ల ఏండ్లాయె సాబ్. ఒక్కపాలి గూడ కూసోలేదంటవా?"

ఓదెలు గడపలోంచి లేస్తాడు. లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వస్తాడు.

"ఒక్క పూటకే," అంటుంది జంతువు నడుస్తూ. "వాళ్ళు చూసి పొయ్యేదాకనే. తర్వాత తుడిచేసినా నేనేమనను. మా అమ్మ నన్ను ఇట్ల చూడొద్దు, గంతే."

బజారులో జనం దుకాణాల ముందుకు వచ్చి నిలబడతారు. ఎవరూ భయపడరు. భయపడితే ఓదెలుకు కొంత నయంగా ఉండేది. "ఎవలింటి కోడలో, అన్నం వెడ్తలేరు," అని మిర్చీలు వేసే ఆమె జాలిగా అంటుంది. "మనిషికి మానం లేకుంట ఇట్ల చేసి తోలిండ్రు," అని పక్కనామె అంటుంది. ఓదెలు తనకేమీ సంబంధం లేనట్టు పది అడుగులు ముందు నడుస్తాడు. "సాబ్, జర ఆగు," అని జంతువు వెనకనుంచి పిలుస్తుంది. అందరూ ఓదెలు వైపు తిరుగుతారు. అతని చెవులు కాలిపోతాయి.

బజారులో సగం బోర్డులు ఓదెలు రాసినవే. అతను దగ్గరకు రాగానే అవి ఒక్కొక్కటీ మేకుల మీద మెల్లగా గోడవైపు తిరుగుతాయి. బట్టల దుకాణం బోర్డు తిరుగుతుంది. మందుల దుకాణం బోర్డు తిరుగుతుంది. సైకిళ్ళ దుకాణం బోర్డుకు ఒక మేకు బిగిసి ఉండడంతో అది సగమే తిరిగి ఆగిపోతుంది. లోపలినుంచి యజమాని వచ్చి చేత్తో తిప్పేస్తాడు.

ఆడవాళ్ళు పళ్ళేల్లో అన్నం తెస్తారు. జంతువు మెడ మడత విప్పి, ఒక్కొక్కరి చేతిలోంచీ మర్యాదగా తింటుంది. తిన్నది తిన్నట్టే పక్కటెముకల మధ్యనుంచి రోడ్డు మీద పడుతుంది. వెనక కోళ్ళు చేరతాయి. "కడుపు నిండింది వొదినా, సాలు," అని జంతువు అందరికీ చెబుతుంది. పెట్టినవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని అలా చెబుతోందని ఓదెలుకు తెలుస్తుంది. మ్యూజియం చేరేసరికి వాళ్ళ వెనక నలభై కోళ్ళున్నాయి.

మ్యూజియం అధికారిణి హైమవతి మేడం సెలవైనా వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎముకల చదువు చదివిన మనిషి, దేనికీ తొందరపడదు. కోళ్ళను బయటే ఉండమని చెప్పి తలుపు తీస్తుంది.

పెద్ద హాల్లో గోడ మీద జంతువు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ ఉంది. జంతువు పరదా మడతపెట్టి కిటికీ మీద వేసి, గోడలోకి ఎక్కి, మోకాళ్ళు వంచి కూర్చుంటుంది. కూర్చున్న జంతువుకు నిలబడ్డ జంతువు చోటు చాలదు. హాలు పది గజాలు పొడుగు సాగుతుంది. అంతవరకూ చేతికి అందే దూరంలో ఉన్న మేడం ఇప్పుడు గట్టిగా మాట్లాడితే తప్ప వినిపించనంత దూరంలో ఉంది.

ఓదెలు జేగురుమట్టి రంగులో పసుపు కలుపుతాడు. పొట్ట రావాల్సిన చోట వెడల్పు కుంచెతో ఒక పూత వేస్తాడు. రంగు గోడను పట్టుకోకుండా నీళ్ళలాగా జారి నేల మీద చేరుతుంది. ఇంకో పూత వేస్తాడు. అదీ జారిపోతుంది. మూడోసారికి కుంచె వెంట్రుకలు ఇనప తీగల్లా బిగుసుకుంటాయి. ఎముక గీత దాటి ఒక్క వెంట్రుక కూడా వంగదు.

"ఆ రోజే చెప్పాను కదా ఓదెలూ, కొంచెం కండ వెయ్యమని," అంటుంది మేడం దూరంనుంచి. "ఏనుగును ఎముకలు మాత్రమే చూసి గీస్తే ఏనుగులా ఉంటుందా అన్నాను."

"ఎవరన్న అడిగితే ఏం చూపియ్యాలె అన్న గదా మేడం."

"ఇరవై రెండేళ్ళలో ఎవరైనా అడిగారా?"

"ఎవ్వలు అడగలే."

ఓదెలు కుంచెను నీళ్ళలో నానబెడతాడు. ఎంతసేపు నానినా అది మెత్తబడదు.

"ఒకటి అడుగుతా సాబ్," అంటుంది జంతువు గోడలోంచి. "నాకు తెల్వక అడుగుతున్న, కోపానికి రావొద్దు. ఈ ఎడమ భుజం నాది గాదు. నా ఎడమ భుజం గుంటల దొరకనే లేదు. ఇదెవలిది?"

ఓదెలు భుజం వైపు చూడడు. చూడనవసరం లేదు. ఆ భుజం గీసిన రోజు అతనికి బాగా గుర్తుంది. దొరకని ఎముక దగ్గర మూడు రోజులు కుంచె ఆగిపోయింది. నాలుగో రోజు తనకు కంఠతా వచ్చిన ఎముక ఒకటి తెచ్చి అక్కడ పెట్టాడు. నియమం గురించి అరగంట చెప్పే మనిషి ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

"మా అక్కది," అంటాడు.

అక్క పేరు పోసక్క. ఓదెలుకు పందొమ్మిదేళ్ళప్పుడు తల్లి ఒడిబియ్యానికి అన్నీ సిద్ధం చేసుకుని, అక్కను తోలుకురమ్మని అతన్ని పంపింది. అక్కది పెద్ద సంసారం. పదకొండు మంది తిన్నాక గిన్నెలో మిగిలింది ఆమెది. నాట్లు అయ్యాక పంపుతామన్నారు అత్తగారు. అక్క మంచం అంచున కూర్చుని నవ్వింది. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. మెడ కింద రెండు ఎముకల మధ్య చారెడు నీళ్ళు నిలిచేంత గుంట.

"నా బొమ్మ గియ్యిరా తమ్మీ, నువ్వు గియ్యక ఎన్నాళ్ళాయె," అంది. ఓదెలు గీశాడు. గీస్తూ గీస్తూ ఆమె అక్క అన్న సంగతి మరిచిపోయాడు. భుజం ఎముక మీద వెలుతురు ఎట్లా పడుతోంది, ఎక్కడ విరుగుతోంది, అదే చూశాడు. అంత తేటగా కనిపించే ఎముకలు అతను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అతనికి సంతోషం వేసింది. అవును, సంతోషమే. దాన్ని ఇంకో మాటతో చెప్పడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాడు గానీ కుదరలేదు.

తరువాత అక్క అన్నం పెట్టింది. "నువ్వు తిన్నవా?" అని అడిగాడు. "తిన్న," అంది. గిన్నె అడుగున ఏమీ లేదని అతనికి కనిపించింది. అతని కళ్ళు మంచివని ఊళ్ళో పేరు. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు.

ఇంటికి ఒక్కడే తిరిగి వస్తే తల్లి వాకిట్లోకి ఎదురొచ్చింది. "అక్క ఎట్లున్నది?" "బాగనే ఉన్నది," అన్నాడు. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆకలి అని అక్క నోటితో అనలేదు. అననిదాన్ని తను ఎట్లా చెప్పేది? దారి పొడుగునా అట్లా సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. ఆ వానాకాలం జ్వరమొచ్చి పోసక్క పోయింది. తల్లి పోయేదాకా అడుగుతూనే ఉంది, నువ్వు చూసినప్పుడు మంచిగనే ఉండె గదా బిడ్డా అని. ఉండె అమ్మా అని చెబుతూనే ఉన్నాడు.

ఆ బొమ్మ చూపిస్తేనే అతనికి మ్యూజియంలో పని దొరికింది. ఎముక తెలిసిన చెయ్యి అని అందరూ మెచ్చుకున్నారు. ఈ బొమ్మలో ఉన్నది ఎవరని అడిగితే, ఎవరో కూలికి వచ్చిన మనిషి అన్నాడు.

ఇదంతా ఓదెలు గోడ ముందు నిలబడి చెబుతాడు. చెబితే రంగు పట్టుకుంటుందేమోనని లోపల చిన్న ఆశ. చెప్పడం అయ్యాక కుంచె ముంచి పొట్ట మీద పెడతాడు. రంగు మునుపటిలాగే జారిపోతుంది. ఆ ఆశ పెట్టుకున్నందుకు కూడా అతనికి సిగ్గేస్తుంది.

"పొద్దు నెత్తి మీదికొచ్చింది," అని జంతువు గోడ దిగి, పరదా తీసుకుంటుంది. "ఉన్నట్టే పోదాం పా సాబ్. ఏం చేస్తం?"

వాగు అవతల గుంట చుట్టూ కూలీ ఆడవాళ్ళు పలుగులు పక్కన పెట్టి నిలబడి ఉన్నారు. గుంటలో అయిదు పెద్ద మూటలున్నాయి. మట్టిలోంచి తీసిన ఎముక విరగకుండా, గోనెపట్టీలు సున్నంలాంటి పిండిలో ముంచి చుట్టూ చుడతారు. ఆ చుట్టిన గోనెనే వాళ్ళు అయిదుగురూ చీర కుచ్చిళ్ళలా సర్దుకుని లేచి కూర్చుంటారు. పెద్ద మూట తల్లిది. ఆమెకు తల సగం ఇంకా రాయిలోనే ఉంది. కళ్ళు లేవు. ముందర పెద్ద గంగాళంలో పసుపు కలిపిన బియ్యం ఉన్నాయి. ఎవరో చాప పరుస్తారు.

"బిడ్డా, మంచిగున్నవా?" అంటుంది తల్లి.

"మంచిగున్న అమ్మా." జంతువు పరదా ముందుకు లాక్కుంటుంది.

తల్లి రాయిలో ఉన్న తలను ఓదెలు వైపు తిప్పుతుంది. "నాకు కండ్లు లెవ్వు. నీ కండ్లు మంచియంటరు. నువ్వు చెప్పు అయ్యా. నా బిడ్డ ఎట్లున్నది?"

రెండు మాటలు చాలు. అవి ఓదెలు నాలుక మీద ఎన్నో ఏళ్ళుగా తయారుగా ఉన్నాయి. అనేస్తే అందరూ ఒప్పుకుంటారు. జంతువు కూడా అవే అనమన్నట్టు అతని వైపు చూస్తోంది. భూమి చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. కానీ భూమిని అప్పటికే తవ్వేశారు. అందులోకి వెళ్ళాల్సినవాళ్ళంతా బయటే కూర్చుని ఉన్నారు.

"బక్కగైంది," అంటాడు ఓదెలు. "మస్తు బక్కగైంది. తిండి లేదు ఆమెకు. నేను చూసిన. చూసి ఎవ్వలకు చెప్పలేదు. ఆమె అన్నం గూడ నేనే తిన్న."

ఇది ఎవరి గురించి అని ఎవరూ అడగరు. జంతువు తల దించుకుంటుంది. చిన్నమ్మల్లో ఒకామె గోనె అంచు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

"సరే," అంటుంది తల్లి. "ఎట్లున్నా పొయ్యాలె గదా. పరదా తియ్యి బిడ్డా. కూసో."

జంతువు పరదా తీసి చాప మీద కూర్చుంటుంది. తల్లి మొదటి దోసిలి పోస్తుంది. బియ్యం పక్కటెముకల మధ్యనుంచి జారి, తుంటి గుంటలోంచి పడి, ఎర్రమట్టిలో కలిసిపోతాయి. ఒడిబియ్యం నేల మీద పడకూడదు. పెద్ద చిన్నమ్మ నింపుకున్న దోసిలి అట్లాగే పట్టుకుని, పోయాలో వద్దో తెలియక ఆగిపోతుంది. గుంట చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వేరే వైపు చూస్తారు.

ఓదెలు వెంట తెచ్చుకున్న రంగు డబ్బాలు కింద పడేస్తాడు. వంగి, జంతువు తుంటి ఎముకల మధ్య గుంటలోకి దూరి, అక్కడ బాసింపట్టు వేసుకుని కూర్చుని, చొక్కా అంచులు రెండు చేతులా పట్టి ముందుకు చాపుతాడు. "పొయ్యుండ్రి," అంటాడు.

పెద్ద చిన్నమ్మ పోస్తుంది. బియ్యం చొక్కాలో పడతాయి. ఎండకు ఉండి ఉండి వెచ్చగా ఉన్నాయి. మూడో ఆమె పోస్తుంది, నాలుగో ఆమె, అయిదో ఆమె పోస్తుంది. మళ్ళీ తల్లి మొదలుపెడుతుంది. చొక్కా బరువెక్కుతుంది. అప్పుడు ఓదెలుకు ఆకలి మొదలవుతుంది. అది తన ఆకలి కాదు, తన ఆకలి అతనికి తెలుసు. ఇది ఎప్పటినుంచో ఉన్నది, దీనికి అలవాటు పడిపోయిన మనిషిది. పదకొండు మంది తినేదాకా గోడకు ఆనుకుని నవ్వుతూ నిలబడే ఆకలి. అతను వెక్కి వెక్కి ఏడుస్తాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి కళ్ళు తుడుచుకోవడం కుదరదు.

బియ్యం మోకాళ్ళు దాటి నడుము దాకా వస్తాయి. బయటినుంచి చూసేవాళ్ళకు జంతువుకు పొట్ట వచ్చింది, పొట్ట కింద చక్కటి ఒడి వచ్చింది. చిన్న చిన్నమ్మ ముచ్చటపడి దగ్గరకు వచ్చి, పక్కటెముకల సందులోంచి తొంగి చూసి ఆగిపోతుంది.

"ఇదేందే, నీ కడుపుల ఎవలో కూసున్నరు? ఎవలు వాడు?"

జంతువు తెరిచిన నోరు మెల్లగా మూసుకుంటుంది. ఒక గుటక వేస్తుంది. ఓదెలు లోపల కూర్చుని, ఆమె చెప్పబోయే పేరు కోసం ఊపిరి బిగపట్టి వింటాడు. పెయింటర్ అంటుందేమో. ఎవరో కూలికి వచ్చిన మనిషి అన్నా తను కాదనలేడు.

"మా తమ్ముడు," అంటుంది జంతువు. "జర చూడకు చిన్నమ్మా. మస్తు బక్కగున్నడు, సిగ్గువడ్తడు."

అని, వీపు మీది తోలు పైట లాగినట్టు ముందుకు లాక్కుని, పక్కటెముకల మీదుగా అతని మీద కప్పుతుంది. లోపల వెలుతురు పసుపుపచ్చగా మారుతుంది. పైనుంచి బియ్యం పడుతూనే ఉన్నాయి. పొద్దు వాలేసరికి వాగు పొంగి గుంటలోకి వచ్చి, కూర్చున్న తల్లి చుట్టూ, చిన్నమ్మల చుట్టూ, బిడ్డ చుట్టూ సన్నటి ఎర్రమట్టి పేరుస్తుంది. మట్టి వాళ్ళ నడుములకు చేరుతుంది, తరువాత భుజాలకు చేరుతుంది. దోసిళ్ళు మాత్రం మట్టి పైన కదులుతున్నాయి, ఒకరి తరువాత ఒకరివి.